మధ్యలో వేగిమాను

చిన్నబ్బ గుంతలోకి దిగి, తలగుడ్డను కనుబొమ్మల దాకా లాక్కుని, రంపం కింది పిడి పట్టుకున్నాడు. గుంతకు అడ్డంగా పరిచిన మాను మీదికి గురప్ప పాదాలు వచ్చి నిలబడ్డాయి. ఎడమది ముందుకు, కుడిది వెనక్కి. మడమల పగుళ్ళలో నిన్నటి రంపపు పొట్టు ఇంకా అట్లాగే ఉంది. గురప్ప అతని భార్యకు సొంత అన్న. అయినా ఆ పాదాలు తప్ప బావ ముఖాన్ని చిన్నబ్బ నిదానంగా చూసి ఏళ్ళు గడిచిపోయాయి.

"ఓ మానూ, కింద ఉండే ఆయప్పకు చెప్పు, కండ్లు మూసుకోమని. ఈడ పొట్టు శానా రాల్తాది" అన్నాడు పైనుంచి గురప్ప.

"ఓ మానూ, పైన ఉండే ఆయప్పకు చెప్పు, నా కండ్ల సంగతి నేను సూసుకుంటానని" అన్నాడు చిన్నబ్బ.

రేణిగుంట రోడ్డులోని ఏకాంబరం కట్టెల అడితికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇది విని నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వడం ఎప్పుడో మానేశారు. బావా బామ్మర్దులిద్దరికీ మాటల్లేవు. కానీ రంపానికి రెండు పిడులు ఉంటాయి. పైవాడు ఎత్తకపోతే కిందివాడు లాగలేడు, కిందివాడు లాగకపోతే పైవాడి గీత ఎందుకూ పనికిరాదు. వేరేవాళ్ళతో జత కట్టి చూశారు ఇద్దరూ. వారం తిరక్కముందే మళ్ళీ ఈ గుంత దగ్గరికే వచ్చారు. ఎడ్ల జత అయినా విడదీయవచ్చు గానీ వీళ్ళ చేతుల వాటం వేరొకరికి కుదరదు. ఇక మాట అవసరమైనప్పుడు మధ్యలో ఉన్న మానే దిక్కయింది.

పైవాడికి మాను అంటే నల్లదారంతో కొట్టిన గీత. కిందివాడికి మాను అంటే మీద పడేది. వేపమానయితే గొంతు చేదెక్కుతుంది, సాయంత్రం సంగటి కూడా చేదుగానే దిగుతుంది. బిల్లుడుమాను పొట్టు పడితే మెడంతా దురద. జిట్రేగి కోసిన రోజు ఒంటికి మంచి వాసన, పెళ్ళివారింటికి పోయివచ్చినట్టు. టేకు మర్యాదస్తురాలు, చెప్పినట్టు వింటుంది. నల్లమద్ది మొండిఘటం, రంపం పళ్ళను తినేస్తుంది. వేగి సంగతి వేరు. దాని పొట్టు చెమటతో కలిస్తే ఒంటి మీద తుప్పురంగు మరకవుతుంది. సబ్బుకు లొంగదు. ఇవాళ గుంత మీద ఉన్నది వేగిమానే. తిరుపతిలో ఎవరో కడుతున్న లాడ్జికి అటక పలకలు కావాలట.

ఆ ఇద్దరి మధ్య మాట పోయింది కూడా వేగి మూలంగానే.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడు చిన్నబ్బ ఇల్లు కట్టుకున్నాడు. చెల్లెలి ఇంటికని గురప్ప ఎక్కడెక్కడో వెతికి మంచి చేవ ఉన్న వేగి దూలాలు తెచ్చి ఇచ్చాడు. "కుంటలో బాగా నానబెట్టు, రసమంతా పోనీ" అని చెప్పాడు. ముహూర్తం ముంచుకొస్తోందని చిన్నబ్బ నానబెట్టకుండానే ఎక్కించేశాడు. గృహప్రవేశం ఘనంగా జరిగింది. కార్తీకంలో పట్టిన వానకు పైకప్పు చెమర్చి, దూలాల నుంచి ఎర్రటి రసం కొత్త సున్నం గోడల మీదికి కారింది. చిన్నబ్బ భార్య నాగరత్నమ్మ అప్పుడు కడుపుతో ఉంది. ఇంటికి నెత్తురు కారుతోందని గుండెలు బాదుకుంది.

ఆ వారమే భోజనానికి వచ్చిన గురప్ప, చుట్టాలందరూ చూస్తుండగా, "సేతకానోడికి ఏగిమాను ఎందుకప్పా, తాటిదూలాలు సాలవా?" అన్నాడు. చిన్నబ్బకు ఒళ్ళు మండింది. "సెల్లెలింటికి నెత్తురు మాను ఇచ్చినోడివి, నువ్వొక అన్నవా?" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. గురప్ప ఆ రోజు పెట్టిన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

బిడ్డ బాగానే పుట్టింది. సున్నం నాలుగుసార్లు కొడితే మరక కూడా పోయింది. మాట ఒక్కటే అట్లా ఉండిపోయింది.

ఇవాళ పొద్దున సంగటిముద్ద గిన్నెలో పెడుతూ నాగరత్నమ్మ మొగుణ్ణి నిలదీసింది.

"మా అన్న రేపు పలమనేరికి కూతురింటికి పోతాండాడు. ఇంక రాడు. భుజానికి పుత్తూరు కట్టు కట్టించినా నొప్పి తగ్గలేదంట. ఈ పొద్దన్నా ఒక మాట మాట్లాడు. నోట్లో ముత్యాలేమీ రాలిపోవులే."

"ఏం మాట్లాడల్ల?"

ఆమె పైకి చూసింది. అతనూ చూశాడు. వేగి దూలాలు నల్లగా, నున్నగా ఉన్నాయి. ఎదురింటి మామిడి వాసాలు చెదలు తిని కూలిపోయాయి, పక్కింటివాళ్ళు తలుపులు మార్చుకున్నారు. ఈ దూలాలకు మాత్రం పురుగు ముట్టలేదు.

"అదే సెప్పు" అంది నాగరత్నమ్మ.

అందుకే చిన్నబ్బ పొద్దుటి నుంచి రంపం లాగుతూనే లోపల ఆ మాటను కోస్తున్నాడు. 'ఆ దూలాలకు ఇంతవరకు చెద పట్టలేదు బావా.' అంతే. క్షమించమని అడగనక్కర్లేదు. గురప్ప కొయ్య తెలిసినవాడు, అందులో ఉన్నదంతా అతనికి అర్థమవుతుంది. కానీ ప్రతిసారీ 'బావా' దగ్గరికి వచ్చేసరికి ఆగి, నోట్లో లేని పొట్టును ఉమ్మేస్తున్నాడు.

మధ్యాహ్నం అన్నాలకు ఎప్పటిలాగే చెరో పక్క కూర్చున్నారు. గురప్ప సంగటి సగమే తిన్నాడు. ఎడమ భుజం, ఛాతీ నిమురుకుంటూ కూర్చున్నాడు. ఏకాంబరం అటుగా వచ్చి, "గురప్పా, మిగిలింది రేపు కరెంటు మిల్లుకు తోలేస్తాలే, ఇంటికి పో" అన్నాడు.

"సగం కోసిన మానును ఇంకొకరికి ఇయ్యకూడదు సామీ" అన్నాడు గురప్ప. "సాయంత్రానికి అయిపోతాది."

మళ్ళీ ఎక్కాడు. చిన్నబ్బ మళ్ళీ దిగాడు. రంపం పైకి పోవడం ఆలస్యమవుతోందని చేతికి తెలిసింది. పైనుంచి పడే చెమట చుక్కలు పొట్టులో గుంటలు చేస్తున్నాయి. భుజం నొప్పి కాబోలు అనుకుని, చిన్నబ్బ తన వైపు నుంచి పైకి కాస్త తోస్తూ వచ్చాడు. కిందివాడు తోయకూడదు, రంపం వంగుతుంది. గురప్ప కసురుకుంటాడని చూశాడు. కసురుకోలేదు.

కాసేపటికి రంపం ఆగింది. పాదాలు వెనక్కి జరిగాయి, మోకాళ్ళు వంగాయి. గురప్ప మాను మీద కూర్చుని, వెనుక ఉన్న పందిరి గుంజకు ఆనుకున్నాడు. కాళ్ళు గుంతలోకి వేలాడుతున్నాయి. బీడీ తాగడానికి కూర్చున్నాడనుకున్నాడు చిన్నబ్బ.

ఇంతకంటే మంచి సమయం దొరకదు. ముఖం చూడనక్కర్లేదు. పాదాలతో మాట్లాడితే చాలు.

"బావా" అన్నాడు.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎక్కిన గుర్రం దిగకూడదని గబగబా అనేశాడు.

"ఆ దూలాలకు ఇంతవరకు సెద పట్టలేదు బావా. నువ్వు సెప్పినట్టు నానబెట్టుంటే ఆ మరక కూడా పడుండేది కాదు. తప్పు నాదే."

ఎంతోకాలంగా మోస్తున్న దుంగ దించినట్టు అనిపించింది. ఊపిరి బిగబట్టి కాచుకున్నాడు. గురప్ప పలకలేదు. చిన్నబ్బకు కోపం వచ్చింది. ఇంత దిగివచ్చినా బెట్టు వదలడా ఈ మనిషి! "సరే, మానుతోనే సెప్పల్లంటే దాంతోనే సెప్తా" అని తలెత్తాడు.

గురప్ప కుడికాలి బొటనవేలి మీద ఈగ వాలి ఉంది. అటూ ఇటూ నడుస్తోంది. వేలు కదలడం లేదు.

చిన్నబ్బ నిచ్చెన కూడా చూసుకోకుండా గుంత అంచు పట్టుకుని పైకి పాకాడు. గురప్ప తల గుంజకు ఆనించి, కళ్ళు సగం మూసి, ఎదురుగా ఉన్న గీత వంకే చూస్తున్నట్టున్నాడు. గెడ్డం మాసి ఉంది. ముందరి పన్ను ఎప్పుడు ఊడిందో చిన్నబ్బకు తెలియదు. కుడిచెయ్యి ఇంకా పైపిడి మీదే ఉంది.

"బావా! ఓ బావా!" అని భుజం పట్టి కుదిపాడు. అడితి అంతా పరిగెత్తుకొచ్చింది. ఎవరో నీళ్ళు చల్లారు, ఎవరో ఆటో కోసం పరుగెత్తారు. చెయ్యి పట్టి చూసిన పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు.

చిన్నబ్బే ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా పిడి నుంచి విడదీశాడు. అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, అందరి ముందూ. బావ పోయినందుకు ఒక ఏడుపు. తను ఆ మాట అన్నప్పుడు బావ ఉన్నాడా, అప్పటికే పోయాడా అన్నది ఇక ఎన్నటికీ తెలియదని ఇంకొక ఏడుపు.

శవాన్ని ఎత్తుకుపోయాక, నాగరత్నమ్మకు ఏమని చెప్పాలో తెలియక, అతను కాసేపు మాను దగ్గరే నిలబడిపోయాడు. ఎండ తగ్గుతోంది. తాజా కోత వెంబడి వేగి ఎర్రగా చెమరుస్తోంది. చిన్నబ్బ వంగి, మాను మీద అరచెయ్యి వేశాడు.

"ఓ మానూ, నువ్వు మధ్యలోనే ఉన్నావు కదా. మా బావ విన్న్యాడా?"

సగం దాకా కోసిన గీతలో రంపం నిటారుగా నిలబడి ఉంది. దాని పైపిడికి, భుజం నొప్పికి పట్టు జారకుండా గురప్ప పొద్దున చుట్టుకున్న తువ్వాలు ముక్క, చెమటకు తుప్పురంగు తేలి, ఇంకా తడిగానే ఉంది.