మిస్డ్ కాలునకు మారుపలుకు

గ్రీష్మాతపసంతప్తములగు నల్లని శిలాపర్వతములు పగలెల్ల మ్రింగిన వేడిమిని మెల్లమెల్లగా వెడలగ్రక్కుచుండ అస్తాద్రిశిఖరావలంబియైన భానుబింబము ధూళిధూసరములగు మస్కటు నగరసౌధముల వెల్లగోడలపై కడపటి యరుణకాంతిని ప్రసరింపజేయుచుండెను. శుక్రవారమగుటచే పనులుడిగిన కూలీలు తమ విడుదులముందు గుంపులుగూడి స్వదేశమునందలి బంధువులతో బిగ్గరగా మాటలాడుచుండిరి. ఆ కలకలమునకు దూరముగా జగిత్యాల ప్రాంతపు తాపీపనివాడగు రాజేశము ఆపివేసిన ఫోనును ఒడిలోనిడుకొని ఒంటరిగా కూర్చుండెను.

ఆ ఫోను సామాన్యమైనది కాదు. రెండేండ్ల క్రిందట దాని దర్పణతుల్యమగు మెరుగునకును చేతిసొమ్ము పెట్టనక్కరలేదను అంగడివాని మధురవచనములకును లోబడి ఫోనును సిమ్మును కలిపియిచ్చు ఏడాది గడువు ఒప్పందముపై రాజేశము సంతకము చేసెను. నెలనెల కట్టు ఆ రుసుము జీతమున పెద్దపాలు హరించుచుండెను గాని విదేశమునకు మాటలాడుటకు అందొక్క నిమిషమైనను లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ యనగా నిదియే కదా.

తల్లిలేని రాజేశమును పెంచినది అక్కయగు లచ్చవ్వ. ఆమెకున్నది ఇంటర్నెట్టు లేని డబ్బా ఫోను. శుక్రవారము సాయంకాలమున ఆమె మిస్డ్ కాలిచ్చుటయు అతడు మరల పిలుచుటయు గల్ఫునకు పోయినవారి యిండ్లలోని వాడుకయే. ఒప్పందము మెడకు పడిన పిదప కొన్నాళ్లు తోటివారి ఫోనులడిగి మాటలాడెను. అడుగ మొగము చెల్లక అదియు మానెను. మ్రోగుచున్న ఫోనును చూచుచు ఊరకుండుట ప్రాణాంతకముగ తోచుటచే సిగ్గుపడి కొన్ని మాసములుగా ఆ వేళకు ఫోనునే ఆపివేయుచుండెను.

ఆ దారిని చాయ గ్లాసుతో వచ్చుచున్న పెద్దతాపీ సత్తయ్య వానిని చూచి నిలిచెను.

"ఏంది రాజేశం, గిట్ల ఒక్కనివే కూసున్నవ్? అక్కకు ఫోన్ జెయ్యలే?"

రాజేశము తలవంచుకొని తన దురవస్థను విన్నవించెను.

"ఫోన్ పైసలు ఎన్నడో తీరినయ్ గదా. గడువు అయిపోయినంక గూడ ఉత్తపుణ్యానికి కడుతున్నవ్. ఉత్త సిమ్ము ప్లాన్ వెట్టుకో."

"కట్టుడు ఆపితే ఫోన్ గుంజుకపోరా మామా? నంబర్ పోదా?"

"ఫోన్ నీదే. నంబర్ గదే ఉంటది. సగం పైసలకే ఇండియాకు మాట్లాడే నిమిషాలు గూడ వస్తయ్."

ఆ మాట విని రాజేశము తన తెలివితక్కువతనమునకు తన్ను తానే తిట్టుకొనెను. మరునాడే అంగడికేగి ఒప్పందమును రద్దుచేయించి సిమ్మునకు మాత్రమే చెల్లించు చిన్నప్లాను తీసికొని వెలుపల నిలిచి అక్కకు ఫోను చేసెను. అక్క తన్ను మరచెనో కోపగించెనో యని వాడు వెరచుచుండెను.

"ఎవలు?"

"అక్కా, నేను. రాజేశాన్ని."

లచ్చవ్వ యిట్లనియె.

"నువ్వు మాట్లాడకున్నా మంచిదే తమ్మీ. అవతల మోగితే సాలు, నా తమ్ముడు బతికున్నడని నిమ్మలంగ పండుకుంటుంటి. ఆ మోగుడే బంద్ జేస్తివి గదరా."

సిగ్గుచే తానాపిన ఆ ధ్వనియే వారమువారము అక్కకు నిద్రనిచ్చినదని యెరిగిన రాజేశము ఫోనును చెవికి గట్టిగా అదుముకొనెను. క్రొత్తప్లాను ప్రసాదించిన నిమిషములు ఒకటొకటిగా వ్యయమగుచుండ సముద్రమున కావలిగట్టున నొక యేడుపును ఈవలిగట్టున నొక యేడుపును వినబడుచుండెను గాని ఇరువురిలో నెవ్వరును ఫోను పెట్టివేయరైరి.