మూడో దొరబాబు

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా చేపల తొట్టెలో ఉంటుంది. ఎడమచేత్తో గొట్టం పట్టుకుని, గులకరాళ్ల మధ్య చేరిన మురికిని బకెట్లోకి లాగుతూ, కుడిచేత్తో అద్దానికి పట్టిన పాచిని స్పాంజితో రుద్దుతుంది. కొత్త నీళ్లు ముందురోజే పట్టి పక్కన పెట్టుకోవాలి, కుళాయి నీళ్లు అలాగే పోస్తే అందులో కలిపిన క్లోరిన్ మందుని చేపలు తట్టుకోలేవు. మూడోవంతు నీళ్లే మార్చాలి, మొత్తం మారిస్తే తెల్లారేసరికి తేలిపోతాయి. ఇవన్నీ ఆమెకి ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. చేపల కొట్టువాణ్ణి అడిగి కొన్ని, చచ్చిన చేపల్ని చూసి కొన్ని తెలుసుకుంది. తొట్టె మాత్రం వాళ్లాయనది.

"హాబీ అన్నాక ఓపిక ఉండాలండీ," అంటాడాయన, స్నేహితులు వచ్చినప్పుడు. అని లేచి, డబ్బాలోంచి రెండు వేళ్లతో మేత తీసి నీళ్ల మీద చల్లుతాడు. చేపలు పైకొస్తాయి. స్నేహితులు ఆహా అంటారు. "ఆఫీసులో ఎంత చికాకున్నా సరే, దీని ముందు పది నిమిషాలు కూర్చుంటే ఇట్టే పోతుంది." నిజమే. ఆయన చికాకూ పోయేది, ఆమె నడుమూ పోయేది. రెండోదాన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లెవరూ లేరు.

ఆ తొట్టెలో అందరికంటే పెద్దవాడు దొరబాబు. నారింజ రంగు ఒళ్లు, నెత్తిన తెల్ల మచ్చ. ఆయన గదిలోకి అడుగు పెడితే చాలు, అద్దం దగ్గరికి వచ్చి నిలబడతాడట. "నాలుగేళ్లుగా నాతోనే ఉన్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపడతాడు," అని ఆయన చెప్తుంటే ఆమె ట్రే పట్టుకుని గోడవైపు చూసేది. ఎందుకంటే దొరబాబు ఎప్పుడో పోయాడు. ఆయన ట్రైనింగుకని వారం రోజులు ఊరెళ్లినప్పుడు, ఒక పొద్దున్న పొట్ట పైకి పెట్టి తేలాడు. "వాడికి చెప్పకు. బెంగపెట్టుకుంటాడు," అన్నారు అత్తగారు. ఆమె మధ్యాహ్నం భోజనం మానేసి మూడు కొట్లు తిరిగి, నెత్తిన తెల్ల మచ్చ ఉన్నవాణ్ణి వెతికి తెచ్చింది. వాడూ ఏడాదికి పోయాడు. ఇప్పుడున్నవాడు మూడో దొరబాబు. అడుగుల చప్పుడు మాత్రం ముగ్గురూ గుర్తుపట్టారు, ఆయన లెక్క ప్రకారం.

అయితే ఆ ఆదివారం పనిలో ఆమెకి ఒక రహస్యం ఉంది. ఆ రెండు గంటలూ ఇంట్లో ఎవరూ ఉండరు. ఆయన స్నేహితులతో నడకకి వెళ్తాడు. అత్తగారు పక్కవీధిలో తోటికోడలింటికి వెళ్తారు. తొట్టె మోటారు గుర్రుమంటూ ఉంటుంది. ఆ చప్పుడు చాటున ఆమె ఈల వేస్తుంది. ఊరికే పిలిచే ఈల కాదు, పాట. పల్లవి, చరణం, మధ్యలో వచ్చే వయొలిన్ ముక్కతో సహా. పదేళ్ల వయసులో మేడ మీద బట్టలారేస్తూ తనంతట తనే నేర్చుకున్న విద్య అది. కాపురానికి వచ్చిన మొదటి నెలలో హాలు ఊడుస్తూ మైమరిచి ఈల వేస్తే అత్తగారు గరిటె అలాగే పట్టుకుని వచ్చారు. "ఇదేం చోద్యమమ్మా! వీధి చివర పోకిరీలు వేస్తారు ఈలలు." ఆయన పేపరు వెనకనుంచి నవ్వాడు. ఇది జరిగి పన్నెండేళ్లయింది. అప్పట్నుంచీ ఆమె పెదవులకీ వీధి గేటుకీ మధ్య ఒక తాడు కట్టినట్టయింది. గేటు గొళ్లెం చప్పుడైతే పాట ఎక్కడుంటే అక్కడ తెగిపోవాల్సిందే. చప్పుడు కాని రోజున కూడా, అవుతుందేమోనని చివరి చరణానికి ముందే తనే ఆపేసేది. పన్నెండేళ్లలో ఆమె ఏ పాటా చివరిదాకా వేసి ఎరగదు.

ఇంగ్లీషు క్లాసులో చేరాలన్నది ఆయన ఆలోచనే. సూపరింటెండెంట్ కావాలంటే మాట్లాడే ఇంగ్లీషులో పరీక్ష పాసవ్వాలని ఆఫీసు కాగితం పంపింది. "ఇంట్లో ప్రాక్టీసుకి ఎవరో ఒకరు ఉండాలి కదా, నువ్వూ చేరు," అన్నాడు. అంటే ఆమె చేరింది విద్యార్థిగా కాదు, గోడగా. ఆయన బంతి కొడితే తిరిగి ఇవ్వడానికి. అది ఆమెకి తెలుసు. తెలిసీ చేరింది. ఆమె పనిచేసే కళ్లద్దాల దుకాణంలో యజమాని ఎప్పటినుంచో చెప్తున్నాడు: "నీ చెయ్యి మంచిదమ్మాయ్, కానీ కౌంటర్లో కూర్చోవాలంటే నాలుగు ముక్కలు ఇంగ్లీషు రావాలి. పాసైనట్టు కాగితం పట్రా, రేపే కూర్చోబెడతా." ఆరేళ్లుగా ఆమె వెనక గదిలో కిటికీ లేని చోట నిలబడి అద్దాలు తుడుస్తోంది, ఫ్రేములకి స్క్రూలు బిగిస్తోంది. కౌంటర్లో కుర్చీ ఉంది. ఎదురుగా వీధి కనిపిస్తుంది. ఆ కాగితం ఆయనకంటే ఆమెకే ఎక్కువ కావాలి. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ అడగలేదు.

నాలుగోవారం పాఠం పేరు ఫ్రీ టైమ్. టీచరమ్మ గడియారం బొమ్మ ఉన్న కాగితాలు పంచి, రోజులో ఎవరికి వారు తీరిక దొరికే గంటలకి రంగు వేయమంది. ఆయన సాయంత్రం ఆరునుంచి పదిదాకా నీలం రంగు నింపేశాడు. పొద్దున్న ఇంకో గంట. ఆమె పెన్సిల్ పట్టుకుని గడియారం చుట్టూ తిరిగింది. ఐదున్నర, పాలు. ఆరు, వంట. పది నుంచి ఆరు, కొట్టు. ఆయన నీలం రంగు వేసిన నాలుగు గంటలూ ఆమె కాగితంలో వంటిల్లు, గిన్నెలు, అత్తగారి మోకాళ్లకి నూనె. ఆయన తీరిక మొదలయ్యే చోటే తన పని మొదలవడం అంత స్పష్టంగా, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఒళ్లు మండింది.

"మీ హాబీ ఏమిటి?" అని టీచరమ్మ ఇంగ్లీషులో ఆమెనే అడిగింది. ఆమె నోరు విప్పేలోపే ఆయన అందుకున్నాడు, తెలుగులో. "ఈవిడకలాంటివేమీ లేవు మేడమ్. ఇంట్లోనే ఉంటుంది కదా."

పది నుంచి ఆరు దాకా ఆమె ఉండేది ఎవరింట్లో అనుకుంటున్నాడో!

పరీక్ష ఇద్దరిద్దరికి కలిపి పెడతారన్నారు. జంటకి ఆరు నిమిషాలు. ఎవరి మార్కులు వాళ్లవే. ఆయన ముందురోజు సాయంత్రమే పంపకాలు చేసేశాడు.

"ఐదు నిమిషాలు నేను తీసుకుంటా, ఒకటి నీకు. నిన్ను హాబీ అడిగితే, ఐ హెల్ప్ మై హస్బెండ్ అని చెప్పి ఊరుకో. ఎక్కువ మాట్లాడితే తప్పులొస్తాయి."

"నాకూ పరీక్షే కదండీ."

"నువ్వు పాసవకపోతే కొంపలేం మునిగిపోవు కదా," అన్నాడు, ప్రేమగానే. కోపంగా అని ఉంటే బాగుండేది.

పరీక్ష పెట్టినావిడ వేరే ఊరినుంచి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఆవిడ కళ్లద్దాలకి ముక్కు మీద ఆనే బిళ్ల ఒకటి వంగి, అద్దాలు ఎడమవైపు జారుతున్నాయి. నా చేతికిస్తే ఒక్క క్షణంలో సరిచేద్దును అనుకుంది ఆమె, ఆ అనుకోవడంతోనే కాస్త బెరుకు తగ్గింది.

ఆయన బట్టీపట్టింది గడగడా అప్పజెప్పాడు. మై హాబీ ఈజ్ ఫిష్ కీపింగ్. ఇట్ గివ్స్ పీస్ ఆఫ్ మైండ్. ఆవిడ ముఖం వెలిగింది. వాళ్లింట్లోనూ చేపలున్నాయట! ఎన్నాళ్లకోసారి నీళ్లు మారుస్తారు అని అడిగింది ఇంగ్లీషులో.

"డైలీ," అన్నాడాయన.

"ఎంత మారుస్తారు?"

"ఫుల్. ఫుల్ వాటర్."

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఫుల్ మారిస్తే చేపలు బతుకుతాయా, ఫిల్టరు దేనితో కడుగుతారు, పాచి ఎలా తీస్తారు అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. బల్ల కింద ఆయన కాలు ఆమె కాలిని తట్టింది. సాక్సులెక్కడ అనీ, తువ్వాలేదీ అనీ రోజూ తట్టే పిలుపే అది. ఆమె నాలుక చివరిదాకా జవాబు వచ్చింది. ఇచ్చి ఉంటే ఆయన గట్టెక్కేవాడు. ఆమె కాలు పక్కకి జరుపుకుంది.

ఇక ఆయన దొరబాబుని శరణు వేడాడు. "వన్ ఫిష్, ఫోర్ ఇయర్స్ విత్ మీ. హి నోస్ మై ఫుట్ సౌండ్."

"ఎంత బాగుంది!" అంది ఆవిడ, ఆమెవైపు తిరిగి. "ఈజ్ ఇట్ ట్రూ?"

తెలుగులో అయితే ఆమెకి జవాబులు కొల్లలు. అవునండీ, ఆయనంటే దానికి ప్రాణం. ఏదోలెండి. పర్లేదులెండి. పాపం ఆయనకి తీరికేదీ. పన్నెండేళ్లుగా కప్పడానికీ సర్దడానికీ వాడిన మాటలన్నీ తెలుగులో మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లీషులో వెతికితే అలాంటిది ఒక్కటీ దొరకలేదు. దొరికినవి చిన్నచిన్న మాటలు. వాటితో అబద్ధం అల్లడం ఆమెకి రాదు.

"నో మేడమ్," అంది. "ఫస్ట్ ఫిష్ డెడ్. సెకండ్ ఫిష్ డెడ్. దిస్ ఈజ్ థర్డ్ ఫిష్. ఐ బాట్. హి డోంట్ నో."

ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"మరి క్లీనింగ్?"

"ఐ క్లీన్. ఎవ్రీ సండే." "హిజ్ హాబీ. మై వర్క్."

ఆవిడ జారుతున్న అద్దాలు పైకి తోసుకుని ఆమెనే చూసింది. మరి నీ తీరిక వేళల్లో నువ్వేం చేస్తావు అని అడిగింది. "షి హెల్ప్స్..." అని ఆయన మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యెత్తింది. "ప్లీజ్. ఇట్ ఈజ్ హర్ టర్న్."

"ఐ విజిల్," అంది ఆమె.

ఆవిడకి అర్థం కాలేదో, అర్థమయ్యీ నమ్మలేదో. చేసి చూపించగలవా అంది. ఆమె పెదవులు తడుపుకుని, ముందు మెల్లగా అందుకుంది. పల్లవి అయ్యేసరికి వరండాలో తమ వంతు కోసం గుసగుసలాడుకుంటున్న జంటలు నోళ్లు మూసుకున్నాయి. తలుపు సందులోంచి ఎవరో తొంగి చూశారు. చరణంలో సగానికి వచ్చేసరికి బల్ల మీది గడియారం ఆరు నిమిషాలైందని గంట కొట్టింది. ఆమె ఆపేసింది. ఇది గేటు కాదు, అయినా పాట తెగింది.

ఇంటికి బండి మీద సగం దారి వచ్చారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

"మూడోదా?"

"అవునండీ."

"మొదటిది ఎప్పుడు పోయింది?"

"మీరు ట్రైనింగుకెళ్లినప్పుడు."

"నాకు చెప్పాలనిపించలేదా?" ఆ గొంతులో నిజంగానే దెబ్బ తగిలింది. ఆమెకి జాలేసింది. జాలేసినా ఓదార్చలేదు. "పరాయి మనిషి ముందు చెప్పడానికి మాత్రం నోరొచ్చింది. పరువు తీశావు."

"మీరెప్పుడూ అడగలేదండీ. ఆవిడ అడిగింది."

వెనకాల హారన్లు మోగితే గానీ ఆయన బండి కదపలేదు.

గురువారం ఫలితాలొచ్చాయి. ఆమె పాసైంది. ఆయన మూడునెలలాగి మళ్లీ పరీక్షకి వెళ్లాలి. "మొగుడు తప్పి పెళ్లాం పాసవడం నేనెక్కడా వినలేదమ్మా," అన్నారు అత్తగారు. "పైగా పరాయివాళ్ల ముందు ఈల వేశావటగా!" "వేశానత్తయ్యా. అందుకే పాసయ్యాను," అంది ఆమె. శుక్రవారం కాగితం చూపిస్తే దుకాణం యజమాని మాట తప్పలేదు, కుర్చీ తనే తుడిచి కూర్చోమన్నాడు. వీధి బాగా కనిపించింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ తొట్టెవైపు చూశాడు. అద్దం పచ్చబడింది.

"పాచి పట్టింది, చూశావా?"

"చూశానండీ."

"మరి?"

"స్పాంజి మోటారు వెనకాల ఉంది. గొట్టం పెరట్లో ఉంది. నీళ్లు నిన్ననే పట్టి పెట్టాల్సింది, మీరు పట్టలేదు. ఇవాళ పట్టి రేపు మార్చండి."

"రేపు నాకు ఆఫీసు!"

"నాకూ కౌంటరుంది."

లోపల మూడో దొరబాబు అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచి మూశాడు. ఆయన దాన్ని కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత బూట్లు విప్పాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ముఖం చిట్లించి, మోటారు ఆపి నీళ్లలో చెయ్యి పెట్టాడు. "ఇది ఎలా పోతుందే?" అని అరిచాడు.

"రుద్దితే పోతుందండీ."

ఆమె వంటింట్లోంచి కుర్చీ తెచ్చి వీధి వరండాలో వేసుకుంది. తలుపు బార్లా తీసే ఉంచింది. చాటు ఇవ్వడానికి మోటారు చప్పుడు లేదు. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుని పల్లవి అందుకుంది. ఎదురింటి డాబా మీద దుప్పటి దులుపుతున్నావిడ చేతులు ఆగాయి. మొదటి చరణం అయింది. వయొలిన్ ముక్క అయింది. రెండో చరణంలో ఉండగా గేటు గొళ్లెం చప్పుడైంది.

అత్తగారు. ఇవాళ తొందరగా వచ్చేశారు. ఆమె పెదవులు అలవాటుగా మూసుకోబోయాయి. అత్తగారి కళ్లలోకి సూటిగా చూస్తూ ఆమె ఇంకో ఊపిరి తీసుకుని, తెగబోయిన చోటునుంచే అందుకుంది. అత్తగారు గొళ్లెం మీద చెయ్యి తీయకుండా గేటు దగ్గరే ఉండిపోయారు. లోపల స్పాంజి రుద్దే చప్పుడు ఆగింది. ఎవరు విన్నా, ఎవరు ఆగినా, ఆమె మాత్రం ఆగలేదు. ఆ పాట చివర ఎలా ఉంటుందో పన్నెండేళ్ల తర్వాత ఆమె మళ్లీ విన్నది.