మల్లేశం సేటు దుకాణం మెట్లు

కోరుట్ల పెద్ద బజారులో మల్లేశం సేటు బట్టల దుకాణం రోజూ తెరిచేది హేమలతే. షట్టరు ఎత్తి, ఊడ్చి, గుమ్మం నుంచి రోడ్డు దాకా ఉన్న రాతిమెట్లు కడిగి, అద్దాల వెనక బొమ్మలకు చీరలు కడుతుంది. చుట్టుపక్కల దుకాణాలన్నిటికీ కెమెరాలున్నాయి. సేటు ఆ ఖర్చు పెట్టుకోలేదు. ఆయనకు మెట్లున్నాయి.

బిల్లు కట్టని బట్ట దాచుకున్నవాళ్ళు ఆ మెట్లు దిగలేరు. అంటే, దిగుతూనే ఉంటారు. రోడ్డు ఎదురుగానే కనిపిస్తుంటుంది, ఆటోలు పోతుంటాయి, కాలు మాత్రం ఎప్పుడూ ఇంకో మెట్టు మీదే పడుతుంది. ఒకసారి ఓ పెద్దమనిషి తువ్వాల చంకలో పెట్టుకొని పొద్దంతా దిగాడు. ఎదురు హోటలాయన జాలిపడి చాయ్ తెచ్చిస్తే తాగి, గ్లాసు తిరిగిచ్చి, మళ్ళీ దిగడం మొదలుపెట్టాడు.

అలాంటివాళ్ళను పరువు పోకుండా వెనక్కి పిలవడమే హేమలత అసలు పని. "అక్కా, చిల్లర మర్చిపోయినవ్, ఓసారి పైకి రా" అంటుంది మెల్లగా. వాళ్ళు వస్తారు, రవికముక్క మళ్ళీ అరలోకి చేరుతుంది, ఇద్దరూ పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటారు. బజారుకు తెలియక కాదు. రేపు ఎవరి వంతో ఎవరికి తెలుసని ఊరుకుంటారు.

ఆ రోజు హేమలతకు పనిమీద మనసు లేదు. పెనిమిటి మధు నాలుగేళ్ళ తర్వాత మస్కట్ నుంచి వస్తున్నాడు. "ఈసారి అచ్చుడే గానీ పోవుడు లేదు" అని ఫోనులో చెప్పాడు. మధ్యాహ్నం బస్సు దిగుతాడు. సగం రోజు సెలవు కోసం ఆమె సేటును వారం నుంచి బతిమాలుతోంది.

పొద్దున్నే సిరిసిల్ల నుంచి చీరల మూట వచ్చింది. మరమగ్గాల చీరలు, చక్కటి రంగులు, వాటికేం వంక లేదు. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి ఒక స్టిక్కర్ల కట్ట తీసి ఆమె ముందు పడేశాడు. ప్రతి స్టిక్కరు మీదా 'అసలు చేనేత' అని బంగారు అక్షరాలు.

"సేటు, గివి మరమగ్గాలయి గదా?"

"నాకెర్క లేదా? పెండ్లిళ్ళ సీజను. అచ్చినోళ్ళంత చేనేత చేనేత అంటున్నరు. అతికియ్యి, అతికిచ్చి నీ ఇష్టమున్నప్పుడు పో."

ఇంకో రోజైతే ఆమె వాదించేదే. సెలవు గుర్తొచ్చి నోరు మూసుకుంది. అతికించింది.

కాసేపటికి బుగ్గారం నుంచి రూతమ్మ వచ్చింది. కొడుకు జాన్ పెళ్ళి, కాబోయే కోడలికి చీర కావాలి. ఒక నెమలికంఠం రంగు చీరను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు నిమిరింది.

"నువ్వు చెప్పు బిడ్డా, మగ్గం మీద చేత్తోటి నేసిందేనా?"

"చేనేతనే అవ్వా" అంది హేమలత, మడతలు సర్దుతూ.

రూతమ్మ బేరమన్నా ఆడలేదు. అడిగినంత ఇచ్చి సంచి చంకన వేసుకొని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పన్నెండు దాటాక హేమలత తల దువ్వుకొని, సంచి తగిలించుకొని బయల్దేరింది. నాలుగు అడుగులు వేసింది. ఇంకో నాలుగు వేసింది. తొందరలో తనకే అలా అనిపిస్తోందనుకొని ఆగి, కొంగు సర్దుకొని, మళ్ళీ దిగింది. రోడ్డు రాలేదు. ఎదురు హోటలాయన ఆమెను చూసి చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. అది చూశాక గానీ ఆమెకు అర్థం కాలేదు.

పైనుంచి సేటు కేకేశాడు. "హేమా! నువ్వు గూడనా? ఏం తీసినవ్?"

ఆమె అక్కడే కూలబడి సంచి బోర్లించింది. టిఫిను డబ్బా, దువ్వెన, ఫోను, కట్టుకున్న చీర బిల్లు. అంతే.

అప్పుడే ఆటో ఆగింది. మధు సూట్‌కేసుతో దిగి, నవ్వుతూ తలెత్తాడు. హేమలత అన్నీ వదిలేసి పరుగున దిగింది. ఎంత దిగినా అతను అంతే దూరంలో ఉన్నాడు. మధు పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, అతనికి చెప్పాల్సిన పని లేదు. నవ్వు ఆగిపోయింది. ఒక్క మాటా అడక్కుండా సూట్‌కేసు ఎత్తుకొని తనే ఎక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

నాలుగేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా హేమలతకు అప్పుడొచ్చింది. "నేనేం తియ్యలే. నీ మీద ఒట్టు. ఒక్క అబద్ధం అమ్మిన, గంతే."

అన్నాక తన మాట తనకే అర్థమైంది. ఈ మెట్ల దగ్గర బట్టలతో పాటు మాటలకూ సోదా ఉందన్నమాట.

"ఏడ్వకు" అన్నాడు మధు. "ఇగ నేనేడికి పోను. ఈడనే నీతోటే ఉంట."

ఆమె కళ్ళు తుడుచుకొని పైకెళ్ళి, బిల్లు పుస్తకంలో నంబరు చూసి, కొనేవాళ్ళందరూ వింటుండగానే రూతమ్మకు ఫోను చేసింది. "అవ్వా, నేను నీకు అబద్ధం చెప్పిన. గది చేనేత కాదు, మరమగ్గానిది. చీర వాపస్ తెచ్చినా సరే."

అవతల రూతమ్మ కాసేపు తిట్టింది. తిట్టి, "రంగు నా మనసుల పడ్డది, చీర వాపస్ ఇయ్య. ఎక్కువ తీస్కున్న పైసలు మా జాన్ ఫోనుకు కొట్టుమను" అంది.

సేటు కళ్ళెర్రజేసి లేచాడు. "రేపటి సంది రాకు!" అని అరవబోయి, గోడ గడియారం చూశాడు. అన్నం వేళయింది. ఇల్లు రోడ్డుకవతల ఉంది. మెట్లకేసి ఒక చూపు చూసి, మళ్ళీ కూర్చొని, జాన్ నంబరు అడిగాడు. తర్వాత స్టిక్కర్లను తన గోళ్ళతోనే పీకడం మొదలుపెట్టాడు.

"రేపు జల్ది రా, షాన పీకేటియి ఉన్నయి" అని మాత్రం అన్నాడు.

హేమలత దిగింది. చకచకా దిగింది, రోడ్డు వచ్చేసింది. ఎండకు కాలిన తారు చెప్పుల్లోంచి చురుక్కుమంటే కూడా హాయిగా అనిపించింది. నవ్వుతూ వెనక్కి తిరిగింది.

మధు ఇంకా దిగుతున్నాడు.

సూట్‌కేసు భుజం మార్చుకొని దిగాడు. చెమట తుడుచుకొని దిగాడు. ఆమె నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"వాపస్ టికెట్ ఉన్నదా?"

మధు బూట్ల వైపు చూసి ఉందన్నట్టు తలూపాడు.

హేమలతకు కోపమొచ్చింది, దుఃఖమొచ్చింది. తనను సంతోషపెట్టడానికే అలా అన్నాడని తెలిసి జాలి కూడా కలిగింది. పొద్దున తనూ చేసింది అదే పని. ఉండిపొమ్మని అడగాలని గొంతు దాకా వచ్చినా అడగలేదు.

"పోవాలె అని నిజం చెప్పినా దిగుతవ్. అన్న మాట మీద నిలవడ్డా దిగుతవ్. నీ ఇష్టం. నేనైతే ఈడనే ఉంట."

మధు మెట్టు మీద సూట్‌కేసు వేసుకొని దాని మీద కూర్చున్నాడు. కింద ఎండలో నిలబడ్డ ఆమెను చాలాసేపు చూశాడు. చెంపల దగ్గర కొత్తగా తెల్ల వెంట్రుకలు. ఫోనులో అవెప్పుడూ కనబడలేదు. జేబులోంచి ఫోను తీసి మస్కట్‌కు కలిపాడు.

"భాయ్, మై అబ్ నహీ ఆతా. దూస్రే ఆద్మీ కో దేఖ్ లో." ఇక రానని, వేరే మనిషిని చూసుకొమ్మని చెప్పేశాడు.

లేచి సూట్‌కేసు అందుకున్నాడు. ఇంకో మెట్టుందనుకొని వేసిన కాలు ధబ్బున రోడ్డు మీద పడి ముందుకు తూలాడు. హేమలత గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.