విక్టర్ పోపుగారి రంగు

పరాయి దేశంలో, ట్రుగనీనా అనే ఊరి చర్చి హాల్లో సకల పునీతుల పండుగకు పిల్లలు తలో పునీతుడి వేషం కడుతున్నారు. మన గుంటూరు కతోలికులు ఏ దేశం వెళ్లినా పౌడరు డబ్బా మాత్రం వదలరు. స్టేజీ ఎక్కే పిల్ల ముఖాన అంగుళం మందం పూయకపోతే వాళ్లకు ప్రాణం ఒప్పదు.

లీల కూడా అలా పూయించుకుని పెరిగిందే. ఎందుకంత పూసేవారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. కూతురు అమృతది అచ్చం తన రంగే. దాన్ని చూసి ఎవరైనా ఒక మాట అంటారేమోనన్నదే లీల భయం. అందుకే తెల్ల అంగీ తొడగడం అవగానే చెయ్యి తనంతట తానే డబ్బా మీదికి పోయింది.

అమృత వెనక్కి జరిగింది. "నో మమ్. నేను పోప్ విక్టర్‌ని. హీ వాజ్ ఫ్రమ్ ఆఫ్రికా."

"పోపుగారు కదమ్మా, కాస్త తెల్లగా..."

"వై?"

లీల డబ్బా మూత పెట్టేసింది.

అమృత స్టేజీ ఎక్కి, తడబడకుండా చెప్పింది. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట రోములో ఒక ఆఫ్రికా మనిషి పోపు అయ్యాడని, ఈస్టర్‌ని ఆదివారమే చేయాలని పట్టుబట్టాడని.

"మరి ఆయన నల్లగా ఉండేవారా?" ముందు వరుసలోంచి ఫాదరుగారు ఇంగ్లీషులో అడిగారు.

"తెలీదు ఫాదర్. ఎక్కడివాడో రాశారు, రంగు ఎవరూ రాయలేదు. వాళ్లకి అది ఇంపార్టెంట్ కాదేమో."

హాలంతా చప్పట్లు. ఇంత తెలివి దీనికి ఎక్కడిదని లీల కళ్లప్పగించి చూసింది. తన కడుపున పుట్టిన పిల్ల మీద ఆమెకు గౌరవం కలిగింది.

పక్కన కూర్చున్న ఇన్నమ్మ ఆంటీ మెచ్చుకోలుగా ఆమె భుజం తట్టింది. లీల ఈ దేశంలో దిగిన కొత్తలో నెలల తరబడి అన్నం పెట్టిన మనిషి ఆవిడ. ఆవిడ మాటకు లీల ఏనాడూ ఎదురు చెప్పలేదు.

"రంగు తక్కువైతేనేం, నీ కూతురు భలే మాట్లాడిందే," అంది ఆంటీ.

"నా కూతురికి ఏదీ తక్కువ కాలేదు ఆంటీ," అంది లీల, మెల్లగానే.