ఇప్పపూల కావలి

ఎండబోసిన ఇప్పపూలను చేత్తో తిరగేస్తూ దేముడు ఆకాశం వంక చూశాడు. శబరి ఏటి అవతల మబ్బు కమ్ముతోంది. కొంటా ఊళ్లో చక్రధరరావు సేటు కళ్లానికి అతను కావలి. పూలు తడిస్తే నల్లబడి పులిసిపోతాయి, మేకలు పడితే అసలే మిగలవు. చూస్తూ కూర్చోవడమే ఉద్యోగం. జుట్టంతా ఈ చూపులోనే నెరిసింది. లోకానికి అదొక పనిలాగే కనిపించదు, పాపం.

ఒక్క తిండి దగ్గరే చిక్కు. తినేటప్పుడు కళ్లు గిన్నెలోకి దిగుతాయి కదా! అందుకే రోజూ మధ్యాహ్నం భార్య వరమ్మ జావ తెచ్చిచ్చి, అతను తాగినంతసేపూ వెనక గోడ కూలిన చోట కూర్చుని తనే కావలి కాసేది. అతను ఇటు, ఆమె అటు. కాపురంలో సగం అలా ఒకరికొకరు వీపు పెట్టుకునే గడిచిపోయింది.

ఆమెకు నాలుగు రోజులుగా జ్వరం. పొద్దున అతను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకునే మనిషి కాదు.

"ఇయ్యాల పోకుంటే ఏందయ్యా?"

"మబ్బు పట్టిందే. సరుకు లారీ ఎక్కంగనే వస్తా. నువ్వు లేవకు, జావ తేకు."

చెయ్యి విడిపించుకొచ్చిన సంగతే లోపల కెలుకుతోంది. ఉండబట్టలేక ఒకసారి ఇంటికి పోయొస్తానని సేటును అడిగాడు. సేటు చెడ్డవాడేం కాదు. లారీ దాకా ఆగు, సాయంత్రం నేనే ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు. దేముడు సరేనన్నాడు. సరేననడం తప్ప అతనికి మరో మాట ఎప్పుడొచ్చింది గనక!

మధ్యాహ్నం జావ లేదు. ఆకలీ వెయ్యలేదు. బస్తాల వరసకు ఇవతల కూర్చుని మబ్బునూ గేటునూ చూస్తూనే ఉన్నాడు. వెనక గోడ వైపు నుంచి ఒక్క మేకా రాలేదు. దేవుడు చల్లగా చూశాడనుకున్నాడు.

చినుకు పడకముందే లారీ వచ్చింది. వెనక బస్తాలెత్తడానికి వెళ్లిన హమాలీ మంగ్లూ వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"కాకా," అన్నాడు మెల్లగా, "వరమ్మ కాకీ ఆడ గోడకాడ కూచుంది. పిలిస్తే పలుకుతలేదు."

వరమ్మ గోడకు ఆనుకుని వీధివైపు చూస్తోంది. దేముడు చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలింది. జావ తేవద్దన్నాడని తేలేదు. లేవొద్దన్నది మాత్రం వినలేదు. ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. మధ్యాహ్నం నుంచీ చప్పుడు చెయ్యకుండా మేకల్ని తోలిందట. మీ ఆయన్ని పిలవనా అంటే వద్దందట. ఆయన అటు చూస్తుండు, ఇటు నేను చూస్తా అందట.

"ఒక్కసారన్న వెనక్కి తిరిగి చూడలే నేను," అన్నాడు దేముడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు.

ఇంటికి చేర్చడానికి సేటు ఆటో తెప్పించాడు. దేముడు ఆమెను ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు. చీకటి పడేలోగా కళ్లమంతా ఖాళీ అయింది. కూలిన గోడ దగ్గర, మేకల కోసం ఆమె విరుచుకున్న వేపమండ పడి ఉంది, ఆకులింకా పూర్తిగా వాడలేదు.