పదిహేడో రికార్డు

రికార్డు మీద గీత లేదు. కానీ గీత చప్పుడు వినిపిస్తోంది.

వదిన సూది పైకెత్తింది. రికార్డును అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు వాల్చి చూసింది. అద్దంలా ఉంది. తుడిచి మళ్ళీ ప్లేయర్ పళ్ళెం మీద పెట్టింది. పాట మొదలవకముందు ఖాళీ గాడిలో మళ్ళీ అదే చప్పుడు. టిక్‌టిక్, కాస్త ఆగి, స్స్. పళ్ళెం తిరిగిన ప్రతిసారీ టిక్‌టిక్, స్స్.

ఆమెను ఆ అపార్టుమెంటులో అందరూ రికార్డుల వదిన అంటారు. జనం అటకల మీద నుంచి దించి తెచ్చిన పాత రికార్డులను కడిగి, ఆరబెట్టి, వినిపిస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. ముందు గది సగం ఇల్లు, సగం కార్ఖానా. వంటింట్లో పళ్ళేలు ఆరబెట్టే స్టాండులో పళ్ళేల కంటే రికార్డులే ఎక్కువసార్లు కనిపిస్తాయి.

ఈ రికార్డును ఆ ఉదయం పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కుకు వెళ్తూ ఇచ్చిపోయింది. డాక్టరమ్మ తల్లి గాయని. కూతురికి మూడేళ్ళు నిండకముందే పోయింది. మిగిలినవి పదహారు రికార్డులు. వాటిని కిందటి నెలే వదిన కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పెట్టె ఇంకా ఇక్కడే, అలమరా పై అరలో ఉంది.

"కోటు దగ్గర దొరికింది వదినా. బయటికి రాని పాటట. అమ్మది పదిహేడో రికార్డు!" అంది డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి.

కోటు అంటే పాత వస్తువుల వ్యాపారి. మండుటెండలో కూడా కోటు విప్పడు కాబట్టి ఆ పేరు.

"కోటు చెప్పాడంటే ముందు అబద్ధం అనుకుని, తర్వాత నిజమేమో అని ఆలోచించాలి డాక్టరమ్మా."

"అందుకేగా మీ దగ్గరికి తెచ్చింది. సాయంత్రం అతనూ ఇక్కడికే వస్తాడు. మీరు విని అమ్మదేనంటే ఇది నాకు, ఆ పెట్టె అతనికి."

"పదహారూ ఇచ్చేస్తారా?"

"వాటిలో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి వచ్చేసిందిగా."

"వచ్చింది రేపు పోతే మళ్ళీ ఎక్కడి నుంచి ఎక్కిస్తాం? అవి పోతే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఇందులో పాటకు ముందు అమ్మ మాట్లాడుతుందట వదినా. రెండు ముక్కలే. ఆ పదహారింట్లో పాటే తప్ప మాట లేదు. అమ్మ మాట్లాడితే ఎలా ఉంటుందో నాకు తెలీదు."

ఇప్పుడా రెండు ముక్కలూ స్పీకర్లలోంచి వస్తున్నాయి. "సిద్ధమేనా? మొదలుపెడదామా?" గొంతు గాయనిదే. పదహారు రికార్డులను నెల రోజులు చెవుల్లో పెట్టుకుని తిరిగిన వదినకు అనుమానం రాలేదు. పాటకూ వంక పెట్టలేదు. ఆమె చెవి ఆగిపోయింది పాట దగ్గర కాదు, పాటకు ముందున్న ఆ టిక్‌టిక్ దగ్గర.

అది ఆమెకు తెలిసిన చప్పుడు.

వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, అప్పటికి ఏడేళ్ళవాడైన మరిది, తిరుగుతున్న రికార్డు మీద బొమ్మ కారు నడిపాడు. మామగారి వయొలిన్ రికార్డు అది. ముందు చక్రాలు రెండు చుక్కలు పొడిచాయి, వెనక చక్రం గీరుకుంటూ పోయింది. టిక్‌టిక్, స్స్. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆ రికార్డు పెట్టినప్పుడల్లా "మావాడి తాళం వినండి" అని చుట్టాలకు వినిపించేవారు.

వదిన పని తీరు ఒకటుంది. ప్రతి రికార్డులోనూ పాట మొదలయ్యే ముందు వచ్చే ఉత్త చప్పుడును విడిగా తీసి దాచుకుంటుంది. ఇదీ చెత్త అని కంప్యూటర్‌కు చూపిస్తే, పాటలోంచి ఆ చెత్తను అది తీసేస్తుంది. ఆ ముక్కలన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. దాని పేరే చెత్త. "మా ఆవిడ చెత్త కూడా పారేయదు" అని భర్త అందరికీ చెప్పుకుని నవ్వుతాడు. మామగారి వయొలిన్ చెత్త కూడా అందులోనే ఉంది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు ఇంట్లో ఇద్దరే.

రెండో మనిషి మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చెప్పులు విప్పుతూ పాట విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు మరిది.

"దొంగ గొడ్డు ఎక్కడ తిరిగినా సొంత దొడ్డికే వస్తుంది. కూర్చో చిన్నోడా."

అతను కూర్చోలేదు. వదిన సూది వెనక్కి తెచ్చి మొదటి నుంచి పెట్టింది. టిక్‌టిక్, స్స్. నాలుగు చుట్లు తిరిగేసరికి అతనే మొదలుపెట్టాడు.

"కోటు తాను కొత్తగా పెడుతున్న స్టూడియోలో పని ఇస్తానన్నాడు వదినా. ముందు నీ పనితనం చూపించు అన్నాడు. నువ్వు శుభ్రం చేసిన పదహారూ కంప్యూటర్‌కు నేర్పిస్తే ఆ గొంతు వచ్చేసింది. మరీ కొత్తగా ఉంది, పాతగా చెయ్యి అన్నాడు. చెత్తలోంచి ఒక ముక్క తీసి పాట కింద పరిచా. రికార్డుగా అతనే అచ్చు పోయించాడు."

"అన్ని చెత్తలుండగా మీ నాన్న చెత్తే దొరికిందా?"

"చిన్నప్పటి నుంచీ విన్నది. పాత రికార్డంటే నాకు అదే చప్పుడు."

"ఎవరికి అంటగడతాడో తెలుసా?"

"ఎవరో సేకరించుకునేవాళ్ళకు అన్నాడు. డాక్టరమ్మకని తెలీదు. ఒట్టు."

"తెలిస్తే మానేసేవాడివా?"

అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. గొంతు మారింది.

"వదినా, ఒక్క నిమిషం పని. ఆ టిక్‌టిక్ తీసెయ్. రోజూ చేసేదేగా, నువ్వు కొత్తగా చేసే తప్పేం లేదు. డాక్టరమ్మ ఇంట్లో ప్లేయర్ కూడా లేదు, నువ్విచ్చిన ఫైలే వింటుంది. ఆవిడకు అమ్మ గొంతు దొరుకుతుంది. నాకు ఉద్యోగం దొరుకుతుంది. అన్నయ్యకు సంగతే తెలీదు."

"కోటుకు బోలెడు ధర పలికే పదహారు రికార్డులు దొరుకుతాయి. అది చెప్పవేం?"

అతను తల దించుకున్నాడు.

వదిన తెర వైపు చూసింది. శబ్దం పొడుగునా పచ్చటి గీతలా పరుచుకుని ఉంది. టిక్‌టిక్ ఉన్నచోటల్లా సన్నటి ముళ్ళు లేచి ఉన్నాయి. వాటిని ఎంచి మీట నొక్కితే నున్నగా అయిపోతాయి. తీయకపోతే సాయంత్రం ఇంటి పరువు ముందు గదిలో అందరి ఎదుటా తిరుగుతుంది. ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. ముళ్ళను ఎంచింది కూడా.

తర్వాత కంప్యూటర్ ఆపేసి లేచింది.

"అన్నం తిను. సాయంత్రం ఇంట్లోనే ఉండు. మీ నాన్న రికార్డు నువ్వు పెడతావా, నేను పెట్టనా, అది మాత్రం నీ ఇష్టం."

ఐదింటికి కోటు వచ్చాడు. సోఫాలో కూర్చోకముందే అలమరా పై అరను కళ్ళతో కొలిచాడు. డాక్టరమ్మ క్లినిక్కు నుంచి నేరుగా వచ్చింది. చేతులకు ఇంకా మందు వాసన.

వదిన రికార్డు పెట్టింది. టిక్‌టిక్, స్స్. "సిద్ధమేనా? మొదలుపెడదామా?"

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. పాట అయిపోయేదాకా తెరవలేదు.

"ఇంకేం కావాలి? తల్లి గొంతు బిడ్డకు తెలీదా?" కోటు లేచి నిలబడ్డాడు. "ఆ చప్పుళ్ళు కాస్త తీసి ఇవ్వమ్మా. శుభ్రం చేయడంలో నీ పేరు చెప్పుకుంటారుగా."

"రికార్డు మీద గీత లేదు బాబుగారూ. చప్పుడెక్కడిది?"

కోటు తడుముకోలేదు. "పాత రికార్డు అరిగిపోతుందని దీని మీదికి కాపీ తీయించి ఉంటారు. దాని గీత ఇందులో పడింది. ఇంత చిన్న విషయం నీకు తెలీదా?"

"తెలుసు. ఆ పాత రికార్డు ఏదో కూడా తెలుసు."

ఆమె మరిది వైపు చూడలేదు. లోపలి గదిలో బీరువా తలుపు కిర్రుమంది. అతను అట్ట సంచీలోంచి రికార్డు తీసుకుంటూ వచ్చి, కోటు రికార్డును తీసి పక్కన పెట్టి, దాన్ని పళ్ళెం మీద ఉంచాడు. సూది ఒకసారి జారింది. రెండోసారి సరిగ్గా దిగింది.

టిక్‌టిక్, స్స్. తర్వాత వయొలిన్.

"ఇది మా నాన్న రికార్డు. గీత నేను గీసిందే" అన్నాడు. "ఆ పాట కూడా నేను చేసిందే. కంప్యూటర్‌తో. మీ అమ్మగారిది కాదు డాక్టరుగారూ."

కోటు మొహంలో పెద్ద మార్పు లేదు. గుండీలు పెట్టుకున్నాడు.

"నన్ను ఇరికించాలనుకుంటే ముందు నీ మరిది ఇరుక్కుంటాడమ్మా. చేసింది వాడు. స్టేషన్‌లో ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెడతారు."

"కూర్చోబెట్టనివ్వండి. వాడు బక్కవాడు, మీకు చోటు చాలుతుంది."

కోటు తన రికార్డు కోసం చెయ్యి చాపాడు. డాక్టరమ్మ దాన్ని ముందే ఒడిలోకి తీసుకుంది. "ఇది ఇక్కడే ఉంటుంది. ముందు మీరు బయల్దేరండి" అంది, నోరు తెరవమని రోగికి చెప్పే గొంతుతో. అతను వెళ్ళాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు రెండంతస్తుల దాకా వినిపించింది.

వదిన పెట్టె దించి డాక్టరమ్మ ముందు పెట్టింది. క్షమాపణ అడగడానికి నోరు తెరవబోతే డాక్టరమ్మ చేత్తో వారించింది.

"నీ మీద ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది రేపు చూస్తాను" అంది మరిదితో. "ఒకటి చెప్పు. ఆ గొంతుతో ఏ మాటైనా అనిపించగలవా?"

"ఏ మాటైనా."

"ఆ గొంతుతో నన్ను పిలిపించు."

వదిన అడ్డుపడబోయి ఆగింది. అది తాను చెప్పాల్సిన మాట కాదు. మరిది ల్యాప్‌టాప్ తెరిచాడు. కిటికీలోంచి కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్న చప్పుడు వస్తోంది.

"ఏమని పిలవమంటారు?"

"అమ్మ నన్ను పిలిచినట్టు."

"అంటే ఏమని?"

డాక్టరమ్మ చెప్పబోయింది. పెదవులు కదిలాయి. ఆగి గోడ వైపు చూసింది, తర్వాత ఒడిలోని రికార్డు వైపు.

"ఏమని పిలిచేదో నాకూ తెలీదు. అదే వినాలనుకున్నాను" అంది.

"నేను టైపు చేసిందే ఆ గొంతు అంటుందండీ. దానంతటదానికి ఏమీ తెలీదు."

ఆమె తల ఊపింది. కోటు తెచ్చిన రికార్డును బల్ల మీద వదిలేసి లేచి, పదహారు రికార్డుల పెట్టెను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఎత్తింది. బరువుకు కాస్త తూలింది. మరిది పట్టుకోబోయాడు.

"వద్దు. మోయగలను" అంది డాక్టరమ్మ.

అతను వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు.