రెండో ఆల్బమ్‌లో నాలుగో పాట

మా బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ను బావ గ్యారేజీలో, కారును బయటికి తోసి, పదకొండు రోజుల్లో ముగించాం. ఎవరూ వినరన్న ధైర్యంతో చేశాం. తీరా చూస్తే కొందరు విన్నారు. నాకు కళ్లు నెత్తికెక్కడానికి అది చాలింది. రెండో ఆల్బమ్‌కు అసలు సిసలు స్టూడియో కావాలన్నాను. ఏడేసి నిమిషాల పాటలు రాశాను. ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరిగి, తలుపుకు గుద్దుకుని నుదుటిమీద బొప్పి కట్టించుకున్నాను. కళ్లజోళ్ల షాపులో పనిచేసేవాడికి జరగాల్సిన ప్రమాదం కాదది.

బ్యాండంటే ముగ్గురమే. నేను గిటార్ వాయిస్తూ పాడతాను. డ్రమ్స్ మా అక్క. ఆమె కారు డ్రైవింగ్ నేర్పుతుంది. ఎదురుగా లారీ వస్తున్నా గొంతు పెంచదు. బేస్ గిటార్ మా బావ. ఆయన ఫిజియోథెరపిస్టు.

స్టూడియోలో మొదటిరోజే నాలుగో పాటను ముప్పై ఎనిమిదిసార్లు పాడాను. పాడిన ప్రతిసారీ రికార్డింగ్ ఇంజనీరు అద్దం అవతలనుంచి "బావుందండీ" అనేవాడు.

"బావుంటే చాలదండీ. గుండె పిండెయ్యాలి" అనేవాణ్ణి.

పిండేసింది నా గొంతునే. మర్నాడు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగురోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దని, గుసగుసలు సైతం కూడదని డాక్టరు చెప్పింది. ఆ క్షణంలో బావ ముఖంలో మెరిసిన సంతోషాన్ని నేను చూడనట్టే ఊరుకున్నాను.

అద్దెకు తీసుకున్న స్టూడియోను ఖాళీగా వదల్లేం. ముందు వాయిద్యాలైనా పూర్తిచేద్దామనుకున్నాం. పాట ఎక్కడ నడుస్తోందో తెలియడానికి ఎవరో ఒకరు పైపైన పాడి పెట్టాలి. దాన్ని గైడ్ ట్రాక్ అంటారు, తర్వాత తీసేస్తారు. అక్క పాడతానంది. నేను గిటార్ అందుకున్నాను.

రెండో చరణం దగ్గర అక్క ఆగిపోయింది.

"ఒరేయ్, 'నా ఆత్మ ఒక నక్షత్ర శ్మశానం' అంటే ఏంట్రా?"

జేబులోంచి పుస్తకం తీసి "లోతైన భావం" అని రాసి చూపించాను.

"అంటే నీకూ తెలీదన్నమాట. ఎవరో వెళ్లిపోయారు, నువ్వు ఎదురుచూస్తున్నావు. అంతేగా? 'తలుపు చప్పుడైతే కుక్కకంటే ముందు నేనే లేస్తున్నాను' అంటాను. ఇప్పటికి ఇలా కానీ."

చాలా వాదించాలనిపించింది. పుస్తకంలో చోటు సరిపోలేదు.

అయిదోరోజు గొంతు వచ్చింది. అదే పాటను ఆరుసార్లు, అక్క మార్చిన మాటలతోనే పాడాను. ఇంజనీరు ఇద్దరివీ పక్కపక్కన వినిపించాడు. తర్వాత అందరూ తమతమ చెప్పులకేసి చూసుకున్నారు.

"నీది కూడా బావుంది బావమరిదీ" అన్నాడు బావ.

ఆ 'కూడా' దగ్గర నా ప్రాణం చివుక్కుమంది.

వాళ్లు టీకి వెళ్లినప్పుడు నేను తలనొప్పి అని చెప్పి ఆగిపోయాను. కంప్యూటర్‌లో "అక్క గైడ్" అన్న ఫైలు కనిపిస్తోంది. ఒక్క మీట నొక్కితే పోతుంది. పొరపాటున పోయిందంటే నమ్ముతారు కూడా. వేలు మీటమీద పెట్టాను. ఆఖరిసారి విందామని, ఈసారి చివరిదాకా విన్నాను. పాట అయ్యాక, మైకు ఇంకా ఆన్‌లో ఉందని తెలియక, అక్క ఇంజనీరుతో అంటోంది: "ఇక్కడ మా తమ్ముడైతే ఇంకా పైకి ఎత్తుకుంటాడండీ. నాకు అంత గొంతు లేదు. వాడు పాడితే చూడండి."

వేలు తీసేశాను. కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాను. అవి మురికిగా ఏమీ లేవు.

అక్క రాగానే చెప్పాను. "నాలుగో పాటకి నీ గొంతే ఉంచుదాం."

"నాకెందుకురా పాటలు? డ్రమ్స్ వాయించుకునేదాన్ని."

"నాకన్నా బాగా పాడావు."

"అలిగి అంటున్నావా, మనసారా అంటున్నావా?"

"రెండూనూ."

అక్క నవ్వింది. "సరే. మిగతావి నువ్వు మామూలుగా పాడు మరి. గుండెలు పిండకు."

అలాగే పాడాను. ఆల్బమ్ వచ్చింది. మొదటిదానికన్నా ఎక్కువమందే విన్నారు. ముఖ్యంగా నాలుగో పాట. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులోనే ఒకావిడ, కంటిపరీక్ష అక్షరాలు చదవబోతూ, దాన్ని కూనిరాగం తీసింది. నేను ఆ బ్యాండువాణ్ణేనని చెబితే, "పాడినావిడ మీకేమవుతారు?" అని అడిగింది.

తర్వాతి కచేరీలో హాలు నిండింది. అక్క డ్రమ్స్ వెనకనుంచే ఆ పాట ఎత్తుకుంది. జనం గొంతు కలిపారు. గిటార్‌మీద నేను వాయించాల్సినవి మూడే స్వరాలు. అక్కను చూస్తూ ఉండిపోయి, రెండోది తప్పు కొట్టాను. హాల్లో ఎవరూ గమనించలేదు. గమనించింది బావ ఒక్కడే. నొప్పి ఎక్కడుందో కనిపెట్టి సరిగ్గా అక్కడే నొక్కి బతికే మనిషి, ఆ రోజు మాత్రం ఆ తప్పు ఊసెత్తలేదు, నా నొప్పిని ముట్టుకోలేదు.